కిందికి దిగిన ఘాతాంకాలు

ఆ రోజు నేను చేసిన తప్పుకు రెండు మీటలు సరిపోయాయి. ఒకటి కంట్రోల్, రెండోది స్పేస్. వాటిని నొక్కడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఏం జరిగిందో తెలిశాక, నొక్కింది నేనేనని చెప్పడానికి మాత్రం ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. మీటలు నొక్కినందుకు నేనింతగా సిగ్గుపడను. ఆ మధ్యలో నోరు మూసుకున్నందుకే ఇది రాస్తున్నాను.

కర్నూలులో ఒక బి.ఇడి. కళాశాలలో, ఆ తర్వాత కడపలో మరో కళాశాలలో గణిత బోధనా పద్ధతులు చెప్పాను. రెండు వేల సంవత్సరం దాటాక, కాబోయే లెక్కల టీచర్లకు కంప్యూటర్‌లో లెక్కలు టైపు చేయడం నేర్పే పని కూడా నా మీద పడింది. ఇప్పుడు అదే పనిలో చేరుతున్న పిల్లలు కొందరు వచ్చి, మీ అనుభవాలు రాయండి సార్ అన్నారు. నాకు ఏ యేడు ఏ ఇంక్రిమెంటు వచ్చిందో మీకెందుకు? నేను ఏ గుంతలో పడ్డానో చెబుతాను. దారిలో మీకు పనికొస్తుంది.

ఎక్కడం, దిగడం

ఈ పనికి నన్ను ఎన్నుకున్న తీరు ముందు చెప్పాలి. స్టాఫ్ సమావేశంలో ప్రిన్సిపాల్ గారు, "కంప్యూటర్ ఎవరికప్పా వచ్చేది?" అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. నేను కిటికీలోంచి బయట వేపచెట్టు మీది కాకిని చూస్తున్నాను. గదిలో ఎత్తి ఉన్న తల నాదొక్కటే. అలా నేను నిపుణుణ్నయ్యాను.

ఆ తర్వాత కొన్నాళ్లు పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం నేర్పాను. ఒక్కోసారి మధ్యాహ్నం కరెంటు పోయేది. ఆ రోజుల్లో నా పరువు నిలబెట్టింది కరెంటు కోతలే.

నల్లబల్ల మీద లెక్క రాయడం వేరు, యంత్రంలో రాయడం వేరు. బల్ల మీద వర్గమూలం గుర్తు వేసి, లోపల రాసుకుంటూ పోయి, లెక్క ఎంత పొడుగైతే దాని తోక అంత సాగదీస్తాం. యంత్రం దగ్గర ఆ ఆట సాగదు. ఇది వర్గమూలమా, భిన్నమా, భిన్నంలో వర్గమూలమా అని ముందే తేల్చుకుని, ఖాళీ గడులు తెరిచి, తర్వాత అంకెలు నింపాలి. ఇల్లు కట్టాకే సామాను. మా ట్రైనీలు ముందు సామాను దించి, తర్వాత గోడలు లేపబోయేవారు.

దీన్నుంచి నేనొక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. లెక్క లోపలి కట్టడం తెలిసినవాడే చకచకా టైపు చేయగలడు, నిదానంగా చేసేవాడికి లెక్కే రాదు అని. వినడానికి బాగుంటుంది. నిజం కాదు. నిదానంగా చేసేవాళ్లలో చాలామందికి రానిది కీబోర్డు మాత్రమే. ఈ సిద్ధాంతం నాచేత ఏం చేయించిందో చూస్తారు.

అన్నిటికన్నా కష్టం ఘాతాంకం. మూడు పక్కన పైన చిన్న రెండు వేయాలంటే మూడు మీటలు కలిపి నొక్కాలి. అప్పుడు అక్షరం పైకెక్కుతుంది. రెండు కొట్టాక, మళ్లీ అవే మూడు నొక్కితే కిందికి దిగుతుంది. ఎక్కడం అందరికీ గుర్తుండేది. దిగడం ఎవరికీ గుర్తుండేది కాదు.

"ఓర్వకల్లు రాళ్లగుట్ట ఎక్కినారు గదా, ఏ దారిన ఎక్కితిరో ఆ దారినే దిగాల," అని చెప్పేవాణ్ని. అయినా ఒక అబ్బాయి మొదటి లైనులో ఎక్కినవాడు కాగితం చివరిదాకా దిగలేదు. అతని పేరు, రోల్ నంబరు, ఆఖరున రాసిన ధన్యవాదములు, అన్నీ గాల్లోనే ఉన్నాయి. అయిదు టు ది పవర్ ఆఫ్ ధన్యవాదములు ఎంతవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రిన్సిపాల్ గారికి ఇవేవీ పట్టవు. ఆయన ప్రాణమంతా ప్రింటర్ కార్ట్రిడ్జిలో ఉండేది. దాన్ని తన గది బీరువాలో పెట్టి తాళం వేసేవారు. కావాలంటే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి, వాడాక తిరిగి అప్పజెప్పాలి. ఆయన నియమం ఒక్కటే: "ఒక కాగితం ఒక్కసారే. రెండోసారి కొట్టేదుంటే చేత్తో రాసుకోండి."

గండికోటలో పోయిన సూత్రం

కాలక్రమంలో ఇది తర్వాతిది. అయినా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకో చివర తెలుస్తుంది.

కడపలో మంజునాథ్ అని ఒక ట్రైనీ. వాళ్లకు రాయచోటిలో కిరాణా అంగడి. కీబోర్డు పక్కనుండే అంకెల మీటల మీద అతని వేళ్లు అంగట్లో క్యాలుక్యులేటర్ మీద ఆడినట్టే ఆడేవి. వర్గసమీకరణం సూత్రం మీద ఒక స్లైడు చేసుకొచ్చాడు. వెనక గండికోట ఫోటో పెట్టాడు. ఎర్రరాళ్లు, లోతైన లోయ, అడుగున పెన్న. చూడముచ్చటగా ఉంది. సూత్రం మాత్రం కనపడలేదు.

"ఏమప్పా మంజునాథా, సూత్రం యాడుండాది?"

"ఆ లోయలో ఉండాది సార్. బాగా సూడండి."

చూశాను. ఎర్రరాళ్ల మీద ఎర్ర అక్షరాలు. పెన్న ఒడ్డున ఒక మైనస్ గుర్తు దొరికింది. కోట గోడ పక్కన నాలుగు ఏసీ లాంటిది ఏదో ఉంది. వర్గమూలం మాత్రం లోయలో పడిపోయింది.

"పిల్లోళ్లు దాన్ని యెట్ల సదువుతారప్పా?"

"మా అంగట్లో సరుకు ఎనక రంగుకాగితం ఏస్తేనే సార్, జనం నిలబడి సూసేది."

"నిలబడి చూసినాక సరుకు కనపడాల గదా?"

తరగతంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అతను అందం కోసం ఒక సూత్రాన్ని లోయలో పడేశాడు. నేను అంతకు కొన్నేళ్ల ముందే కర్నూలులో, అదే అందం కోసం, ఒక అమ్మాయిని తోసినంత పని చేసి వచ్చాను.

ఉసేనమ్మ

ఆమె పేరు ఉసేనమ్మ. ఆలూరు వైపు పల్లె. పీర్లకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. మా వైపు హిందువుల ఇళ్లలో ఆ పేరు మామూలే. కళాశాలలో చేరేదాకా కంప్యూటర్‌ను బ్యాంకు అద్దం అవతలే చూసిన మనిషి. ఆమె టైపు చేస్తుంటే బల్లలు అదిరేవి.

"మెల్లగమ్మా. అది మిరపకాయలు దంచే రోలు గాదు."

"మెల్లగ కొడితే అది ఇంటాదో ఇనదో అని సార్."

ప్రతి లైనూ కొట్టి, ఆగి, తెర మీద వేలు పెట్టి చదివేది. తెర నిండా ఆమె వేలిముద్రలు. ఎప్పుడు అయిపోయిందా అని అడిగినా ఒకటే మాట, "ఒకసారి సూసుకుంటా సార్." నాకు చిరాకు. నా సిద్ధాంతం ప్రకారం ఆమెకు లెక్కలు అంతంతమాత్రమే.

టీచింగ్ ప్రాక్టీసుకు ఆమెను ఊరి చివరి ఉన్నత పాఠశాలకు వేశారు. ఎనిమిదో తరగతికి ఘాతాంకాలు చెప్పింది. పాఠాలు చెప్పాక ట్రైనీ తానే ప్రశ్నపత్రం తయారుచేసి, పరీక్ష పెట్టి, మార్కులకు సగటు కట్టి, రేఖాచిత్రం గీసి చూపాలి. కొందరికి తక్కువ, ఎక్కువమందికి మధ్యరకం, కొందరికి ఎక్కువ వస్తే ఆ గీత గంట ఆకారంలో వస్తుంది. గంట వస్తే పరీక్ష బాగా పెట్టినట్టు.

పరీక్ష ముందురోజు ఉసేనమ్మ తన ప్రశ్నపత్రం పూర్తిచేసింది. పైన తెలుగులో సూచనలు, కింద అంకెలు. ప్రతి ఘాతాంకం చక్కగా ఎక్కింది, చక్కగా దిగింది. నేను ఆమెను లేపి ఆ కుర్చీలో కూర్చున్నాను. తప్పేమీ దొరకలేదు. కానీ ఘాతాంకాలున్న లైన్ల మధ్య ఎడం కాస్త ఎక్కువగా, లేనివాటి మధ్య తక్కువగా ఉంది. వరసలు ఎగుడుదిగుడుగా ఉంటే నా మనసు ఒప్పుకోదు. పైగా వెనక నలుగురైదుగురు ట్రైనీలు నిలబడి చూస్తున్నారు.

"ఇట్లాంటివన్నీ ఒక్క దెబ్బకు సర్దేది చూపిస్తా, చూడండి," అన్నాను.

కింది అంకెలన్నిటినీ మౌసుతో పట్టి, కంట్రోల్, స్పేస్ నొక్కాను. అక్షరాలకు మనం చేసిన సింగారమంతా తుడిచేసి మామూలుగా చేసే మీటలవి. వరసలన్నీ టక్కున సర్దుకున్నాయి. వెనకనుంచి "అబ్బా" అని కూడా వినబడింది. ఆ మాట చెవిలో పడ్డాక ఇక నేను తెర వైపు సరిగా చూడలేదు. యంత్రం లెక్కలో ఘాతాంకం పైన ఉండటం కూడా సింగారమే. అన్నీ కిందికి దిగిపోయాయి.

"ఒకసారి సూసుకుంటా సార్," అంది ఉసేనమ్మ.

"నేను చూసినా గదమ్మా. మళ్లీ నువ్వేం చూస్తావు?"

ప్రింటు తీసి, మడతపడకుండా పాత పేపర్లో చుట్టి ఇచ్చాను. ఆమె జిరాక్సు అంగడికి పరుగెత్తింది. అక్కడ రద్దీ. అంగడాయన కాపీలు తీసి, అదే పేపర్లో చుట్టి చేతికిచ్చాడు. సార్ చూశారు కదా అని కట్ట విప్పకుండానే ఆమె బస్సు అందుకుంది.

గంట బదులు స్తంభం

మర్నాడు ఎనిమిదో తరగతి పిల్లల ముందుకు వచ్చిన ప్రశ్నలు ఇవి. 3² + 4² ఎంత అని ఉండాల్సిన చోట 32 + 42 ఎంత అని ఉంది. 5³, 3⁵ లలో ఏది పెద్దది అని ఉండాల్సిన చోట 53, 35 లలో ఏది పెద్దది అని ఉంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, దేవుడికి దండం పెట్టుకుని, పెన్నులు తీశారు. ఎవరూ పక్కవాడి కాగితంలోకి తొంగిచూడలేదు. అవసరం లేకపోయింది.

వాళ్లు మరీ త్వరగా ముగించేసరికి ఉసేనమ్మకు అనుమానం వచ్చి కాగితం చదివింది. అప్పటికే ఆలస్యం. పైగా వెనక బెంచీలో పరిశీలకుడిగా ప్రధానోపాధ్యాయులు కూర్చుని ఉన్నారు. ఆయనా లెక్కల మనిషే.

"ఏమ్మా, ఎనిమిదో తరగతికి కూడికలు పెడితివి. మూడో తరగతికి పోతే ఏం పెడతావు, బలపం పట్టుకునేదా?"

అందరికీ పూర్తి మార్కులు. గంట రావలసిన చోట స్తంభం లేచింది. విషయ పరిజ్ఞానం లేదు అని రాసి ఆయన మా కళాశాలకు పంపారు.

ప్రిన్సిపాల్ గారు ఇద్దరినీ పిలిచారు. బల్ల మీద ఆ ప్రశ్నపత్రం ఉంది. చూడగానే నాకంతా అర్థమైంది. వరసలు మాత్రం ఎంత తీరుగా ఉన్నాయో!

"ఏమప్పా మాస్టరూ, ఇది నువ్వు చూసినావా?"

"చూసినాను సార్. అప్పుడు బాగనే ఉండె."

ఈ జవాబులో అబద్ధం లేదు చూడండి. నేను చూసినప్పుడు బాగానే ఉంది. తర్వాత నేనేం చేశానో ఆయన అడగలేదు. లెక్కల మాస్టర్లం కదా, అడిగిన దానికే జవాబు రాస్తాం.

ఉసేనమ్మ నా వైపు చూసి, "సార్ తప్పేం లేదు సార్. నేనే యాడనో మీటలు తప్పు నొక్కింటా," అంది.

ఆమె నన్ను కాపాడబోయి అనలేదు ఆ మాట. నిజంగానే తప్పు తనదే అనుకుంది. నేను చూశానన్న కాగితంలో నావల్ల తప్పు వస్తుందని ఆమె ఊహకే అందలేదు. నేను కిటికీ వైపు చూశాను. ఈసారి కాకి కూడా లేదు.

"టీచింగ్ ప్రాక్టీసు మళ్ల వచ్చే యేడు చేసుకోమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. అంటే ఆ యేడు పట్టా లేదు. టీచర్ల నియామకానికి డీఎస్సీ ప్రకటన నేడో రేపో అంటున్నారు. పట్టా లేకపోతే ఆ పరీక్ష రాయడానికి లేదు. అది మళ్లీ ఎన్నేళ్లకు పడుతుందో పెద్దలకే తెలియదు.

మీ నోట్లో ఏముండె సార్?

మర్నాడు పొద్దున ల్యాబు తాళం తీయడానికి వెళ్తే ఉసేనమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది. లోపలికి వచ్చి యంత్రం ముందు కూర్చుని మూడు స్క్వేర్, నాలుగు స్క్వేర్ కొట్టడం మొదలుపెట్టింది. ఎక్కడం, దిగడం. ఎక్కడం, దిగడం. వచ్చిన విద్యనే మళ్లీ నేర్చుకుంటోంది. పక్కన కూర్చున్న అమ్మాయికి హెచ్చరిక కూడా చేసింది, "సూసుకోమ్మే, దిగేటప్పుడు మోసం జేస్తాది ఇది."

మోసం చేసింది యంత్రం కాదు. ఇక నిలబడలేకపోయాను. ఆమెను వరండాలోకి పిలిచాను.

"ఉసేనమ్మా, నువ్వేం తప్పు నొక్కలా. నేనే అన్నీ దించేసినా." రెండు మీటల సంగతి చెప్పాను.

"నిన్న పెద్దసారు అడిగినప్పుడు మీ నోట్లో ఏముండె సార్?"

నిజానికి వక్కపొడి ఉండింది. కానీ ఆమెకు కావలసింది ఆ జవాబు కాదు.

"భయపడినానమ్మా. నాకు తప్ప ఇంకెవరికీ రాదని పేరు వచ్చింది గదా, అది పోతాదని."

"మీకు పేరు పోతాది. నాకు యేడు పోతాది సార్. మళ్ల బి.ఇడి. అంటే మా నాయన నన్ను సద్దలు కోసేదానికి పంపిస్తాడు, బడికి గాదు."

"నేనేం చెయ్యాల చెప్పు."

"నాకు జెప్పినట్లే పెద్దసారుకు జెప్పండి. ఆ బడి సారుకు జెప్పండి. పిల్లోళ్లకు గూడా మీరే జెప్పండి సార్. అందరికీ ఫుల్ మార్కులు ఏసినానని వాళ్లు నన్ను దేవత అనుకుంటాండారు. నేను జెప్తే రాళ్లేస్తారు."

ప్రిన్సిపాల్ గారు అంతా విని తల పట్టుకున్నారు. "తప్పు చేస్తే చేసినావు మాస్టరూ. దానికి నా కార్ట్రిడ్జి యాలప్పా వాడితివి?" అన్నారు. తర్వాత, ప్రధానోపాధ్యాయులు మనసు మార్చుకుంటే తనకు అభ్యంతరం లేదన్నారు.

ఇద్దరం బస్సెక్కి ఆ బడికి వెళ్లాం. ప్రధానోపాధ్యాయులు నన్ను కూర్చోమనలేదు. నేను చెప్పిందంతా విని, "మళ్ల పరీక్ష పెట్టుకోండి. ఈ పిల్ల ఎట్ల పెడతాదో చూసి మళ్ల రాస్తా," అన్నారు.

"ఈరోజే టైపు చేయించి తెస్తాను సార్."

"వద్దప్పా. మీ టైపుకొక దండం."

ఒక్క క్షణం ఆలోచించి అడిగాను. "మీ బడిలో పిల్లవాడు తప్పు రాస్తే ఏం చేస్తారు సార్?"

"ఇంపోజిషన్ ఇస్తాం. మళ్ల మళ్ల రాపిస్తాం."

"నాకూ అదే ఇవ్వండి. ప్రతి పిల్లవాడికీ ఒక ప్రశ్నపత్రం నా చేత్తో రాసిస్తాను. జిరాక్సు గూడా వద్దు."

ఆయన మొదటిసారి నవ్వి కుర్చీ చూపించారు.

తరగతికి వెళ్లి పిల్లలకు చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "తప్పు మీది సార్. పరీక్ష మాకా?" ఈ ప్రశ్నకు బి.ఇడి. పుస్తకాల్లో ఎక్కడా జవాబు లేదు. "నాకు గూడా శిక్ష పడిందిలే నాయనా," అన్నాను. అదేమిటో తెలిశాక తరగతి కాస్త చల్లబడింది.

రెండో పరీక్షలో గంట వచ్చింది. ఒక పక్కకు కొంచెం ఒరిగింది గానీ గంటే. ప్రధానోపాధ్యాయులు పాత కాగితం చించి కొత్తది రాశారు. ఉసేనమ్మ ఆ యేడే పట్టా తీసుకుని డీఎస్సీ రాసింది. ఇప్పుడు టీచరు.

మీకు నేను చెప్పదగ్గ మెళకువ ఒక్కటే. వాళ్ల కాగితాన్ని మీరు సరిదిద్దకండి. కుర్చీలోంచి లేవండి, మౌసు వాళ్ల చేతికివ్వండి, తప్పు ఎక్కడుందో నోటితో చెప్పండి. మీరేదైనా ముట్టుకున్నారా, ప్రింటుకు ముందు వాళ్లను మళ్లీ చదవనివ్వండి. కడపలో ఉద్యోగం ముగిసేదాకా నేను అలాగే చేశాను. మంజునాథ్ గండికోటను కూడా నేను చెరపలేదు. అతనే చెరుపుకున్నాడు, చాలా బాధపడుతూ.

ఆ రెండో పరీక్ష కన్నా దాని ముందటి సాయంత్రమే నాకు ఎక్కువ గుర్తు. బడి వదిలేశారు. నేను వరండాలో కూర్చుని రాస్తున్నాను. చివరికొచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. కట్టంతా సర్దుకుని లేవబోయాను. కర్నూలు బస్సు మలుపు దగ్గర హారన్ కొడుతోంది.

"ఒకసారి సూసుకుంటా సార్," అంది ఉసేనమ్మ.

మళ్లీ కూర్చున్నాను. "చూసుకోమ్మా."

ఒక్కో కాగితం తీసి, ప్రతి ఘాతాంకం మీదా వేలు పెట్టి చదివింది. బస్సు వచ్చింది, ఆగింది, దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆమె తల ఎత్తలేదు. కట్టలో సగం దాటాక వేలు ఒకచోట నిలిచింది.

"సార్, ఈడ రెండు కిందికి దిగుండాది."

కాగితం తీసుకుని చూశాను. నిజమే. దాన్ని కొట్టేసి, పైన చిన్నగా రెండు వేసి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చాను.